గర్భిణుల్లో ఇనుము లోపం: మాత్ర చేతికి అందినంత మాత్రాన తీరని సమస్య
(ప్రత్యేక వ్యాసం)

గర్భిణులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలను ప్రభుత్వపరంగా పంపిణీ చేసే కార్యక్రమం మన దేశంలో 1970లో ప్రారంభమైంది. అర్ధ శతాబ్దం గడిచిన తరువాత, 2019-21లో నిర్వహించిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వయసు గల గర్భిణుల్లో దేశవ్యాప్తంగా 52.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఈ శాతం ఆంధ్రప్రదేశ్‌లో 53.7 కాగా తెలంగాణలో 53.2. అంతకుముందు 2015-16 నాటి నాలుగవ సర్వేలో దేశ సగటు 50.4 శాతం మాత్రమే. అనగా ఈ మధ్యకాలంలో సమస్య తగ్గకపోగా స్వల్పంగా పెరిగినట్లు గణాంకాలు తెలుపుతున్నాయి.

మాత్రల పంపిణీ సాగుతున్నా రక్తహీనత ఎందుకు తగ్గడం లేదన్న ప్రశ్నకు సమాధానం ఒక్క కారణంలో లేదు. గర్భిణి రక్తంలో ఇనుము స్థాయిని నిర్ణయించే అంశాలు అనేకం. గర్భం దాల్చక ముందు శరీరంలో ఉన్న నిల్వలు, కాన్పుల మధ్య ఎడం, తినే తిండి, మాత్ర వేసుకునే వేళ, కడుపులోని నులిపురుగులు, మలేరియా, వంశపారంపర్య రక్త దోషాలు, ఇవన్నీ ఆ స్థాయిపై ప్రభావం చూపుతాయి. మాత్ర గర్భిణి చేతికి అందడం మొదటి మెట్టు మాత్రమే. ఆ ఇనుము రక్తంలోకి చేరే వరకు ఉన్న మిగిలిన మెట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

వెయ్యి మిల్లీగ్రాముల లెక్క

ఒక గర్భకాలం మొత్తానికి అదనంగా అవసరమయ్యే ఇనుము సుమారు 1000 మిల్లీగ్రాములు. ఇందులో దాదాపు 500 మిల్లీగ్రాములు తల్లి శరీరంలో కొత్తగా తయారయ్యే ఎర్ర రక్తకణాలకు, 300 మిల్లీగ్రాములు బిడ్డకు, మాయకు వినియోగమవుతాయి. మిగిలిన 200 మిల్లీగ్రాములు శరీరం నుంచి సహజంగా బయటకు పోయే భాగం. ఈ అవసరం తొమ్మిది నెలలూ ఒకే తీరున ఉండదు. నెలసరి ఆగిపోవడం వల్ల మొదటి మూడు నెలల్లో రోజుకు ఒక మిల్లీగ్రాము లోపు ఇనుము శరీరంలోకి చేరినా సరిపోతుంది. చివరి మూడు నెలల్లో మాత్రం రోజుకు ఏడు మిల్లీగ్రాములకు పైగా కావలసి వస్తుంది. ఆ దశలో ఎంత మంచి ఆహారం తీసుకున్నా ఆహారం ఒక్కదానితోనే ఈ అవసరం తీరడం కష్టం.

కార్యక్రమంలో ఇచ్చే ఒక్కొక్క ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగవ నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వాడితే 10,800 మిల్లీగ్రాముల ఇనుము కడుపులోకి చేరుతుంది. అందులో పదవ వంతు రక్తంలోకి వెళ్లినా వెయ్యి మిల్లీగ్రాముల అవసరం తీరుతుంది. మాత్రల సంఖ్య వెనుక ఉన్న లెక్కను ఈ విధంగా అర్థం చేసుకోవచ్చు. అయితే 60, 70 మాత్రలతో ఆపివేసినా, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగినా ఈ లెక్క తప్పుతుంది. ఐదవ సర్వే ప్రకారం దేశంలో గర్భకాలంలో 100 రోజులు లేదా అంతకు మించి మాత్రలు వాడిన తల్లులు 44.1 శాతం కాగా, 180 రోజులు లేదా అంతకు మించి వాడినవారు 26 శాతం మాత్రమే కావడం గమనార్హం.

హిమోగ్లోబిన్ అంకెలోని అంతరార్థం

గర్భిణి రక్తంలో డెసీలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు ఒక మోస్తరు, 7 కంటే తక్కువైతే తీవ్రం. గర్భకాలంలో రక్తంలోని ద్రవభాగం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. ఎర్ర కణాల పెరుగుదల మాత్రం 20 నుంచి 30 శాతం దగ్గరే ఉంటుంది. అందువల్ల రక్తం కొంత పలుచబడి, ఆరోగ్యవంతురాలైన గర్భిణిలో సైతం నడిమి నెలల్లో హిమోగ్లోబిన్ కాస్త తగ్గడం సహజం. ఈ విషయాన్ని పరిగణనలోకి తీసుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలానికి హద్దును 10.5 గ్రాములుగా పేర్కొన్నది. మొదటి, చివరి మూడు నెలల కాలాలకు 11 గ్రాముల హద్దునే కొనసాగించింది.

హిమోగ్లోబిన్ తగ్గడం ఇనుము లోపంలో తొలి దశ కాదు, చివరి దశ. శరీరం మొదట నిల్వలను ఖర్చు చేసుకుంటుంది. నిల్వలు అడుగంటిన తరువాతనే రక్తంలో లోటు కనిపిస్తుంది. నిల్వల స్థితిని తెలిపేది ఫెరిటిన్ పరీక్ష. మొదటి మూడు నెలల్లో ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఇనుము లోపంగా భావిస్తారు. జ్వరం, ఇతర ఇన్‌ఫెక్షన్లు ఉన్నప్పుడు ఫెరిటిన్ అంకె పెరిగి లోపాన్ని కప్పివేసే అవకాశం ఉన్నందున, ఆ ఫలితాన్ని వైద్యులు ఇతర పరీక్షలతో కలిపి పరిశీలిస్తారు.

గర్భానికి ముందే మొదలయ్యే లోటు

గర్భం దాల్చేనాటికి స్త్రీ శరీరంలో సుమారు 500 మిల్లీగ్రాముల ఇనుము నిల్వ ఉంటే ఆమె గర్భకాలాన్ని ఇబ్బంది లేకుండా దాటగలదు. మన సమాజంలో అత్యధికులు ఇంత నిల్వతో గర్భవతులు కావడం లేదు. ఐదవ సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలందరిలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా నమోదైంది. గర్భిణిలో కనిపించే లోపం చాలా సందర్భాల్లో ఆమె బాలికగా ఉన్నప్పటి లోపానికి కొనసాగింపే.

చిన్న వయసు వివాహాలు ఈ లోటును పెంచుతున్నాయి. 20-24 ఏళ్ల యువతుల్లో 18 ఏళ్లు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నట్లు అదే సర్వే వెల్లడించింది. ఎదిగే వయసులో బాలిక శరీరానికే ఇనుము అవసరం అధికం. ఆ దశలో గర్భం వస్తే ఉన్న కొద్దిపాటి ఇనుమును తల్లీబిడ్డలు పంచుకోవలసి వస్తుంది. నెలసరి సమయంలో అధిక రక్తస్రావాన్ని మామూలేనని ఉపేక్షించడం మరొక కారణం.

కాన్పుల మధ్య ఎడం కూడా ముఖ్యమైనదే. ఒక కాన్పు తరువాత కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. గర్భకాలంలో, ప్రసవంలో కోల్పోయిన ఇనుము తిరిగి సమకూరడానికి ఆ వ్యవధి అవసరం. వెంట వెంటనే కాన్పులు జరిగినవారు, కవల పిల్లలను మోస్తున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి కుటుంబ నియంత్రణ సలహా, బాల్యవివాహాల నిరోధం కూడా రక్తహీనత నివారణలో భాగాలేనని అధికారులు గుర్తించవలసి ఉన్నది.

తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు

ఆహారంలోని ఇనుము రెండు విధాలు. మాంసం, చేపలు, కాలేయం వంటి వాటిలోని ఇనుము తేలికగా ఒంటికి పడుతుంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము అంత తేలికగా పట్టదు. అన్నం, పప్పు, కూరతో కూడిన మన సాధారణ శాకాహార భోజనంలోని ఇనుములో ఐదు నుంచి ఎనిమిది శాతం మాత్రమే రక్తంలోకి వెళ్తుందని పోషకాహార నిపుణుల అంచనా.

ప్రధాన ఆహారం ఎంపిక కూడా ప్రభావం చూపుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు, సజ్జల్లో 6.4 మిల్లీగ్రాములు ఉన్నాయి. సంకటి, అంబలి, సజ్జ రొట్టె తినే అలవాటు తగ్గి మూడు పూటలా తెల్లన్నమే తినే కుటుంబాల్లో ఇనుము రాబడి సహజంగానే తగ్గింది. బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉన్నది. దాని ఎరుపు ఇనుము వల్ల వచ్చినది కాదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే.

ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడేది విటమిన్ సి. ఉసిరి, జామ, నిమ్మ, బత్తాయి ఇందుకు తోడ్పడతాయి. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనంతో ఒక జామపండు తినడం ఖర్చులేని ఉపాయాలు. మొలకెత్తించిన పెసలు, పులియబెట్టిన ఇడ్లీ, దోసె పిండిలో ఇనుమును బంధించి ఉంచే పదార్థాలు తగ్గుతాయి. దీనికి విరుద్ధంగా టీ, కాఫీలు ఇనుమును అడ్డుకుంటాయి. భోజనానికి, టీకి మధ్య కనీసం గంట వ్యవధి ఉండాలి.

వైద్యులు గర్భిణులకు ఇచ్చే క్యాల్షియం మాత్ర సైతం ఇనుమును అడ్డుకుంటుంది. రెండూ మంచివే అయినా ఒకేసారి వేసుకోరాదు. వాటి మధ్య కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. ఇదే కారణంగా ఇనుము మాత్రను పాలతో వేసుకోవడం తగదు. గ్యాస్ తగ్గడానికి వాడే మాత్రలు కడుపులోని ఆమ్లాన్ని తగ్గించి ఇనుము శోషణను దెబ్బతీస్తాయి. కనుక వాటిని సొంతంగా కొని వాడకుండా వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇంటి పద్ధతులనూ విస్మరించలేము. అందరూ తిన్న తరువాత మిగిలినది కోడలు తినే ఇళ్లలో గుడ్డు, మాంసం, పప్పు ఆమె కంచం దాకా రావు. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న అపోహ కొన్ని కుటుంబాల్లో ఇంకా ఉన్నది. మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపించడాన్ని వేవిళ్ల కోరికగా భావించి వదిలివేయరాదు. అది ఇనుము లోపానికి సూచన కావచ్చు కనుక రక్తపరీక్ష చేయించాలి.

మాత్ర ఎందుకు మానేస్తున్నారు

వికారం, కడుపులో మంట, మలబద్ధకం, మలం నల్లగా రావడం అనే ఇబ్బందుల వల్ల చాలామంది మాత్రను మధ్యలో మానేస్తున్నారు. మలం నల్లబడటం హానికరం కాదు. ఆ మాట ముందుగా చెప్పకపోతే గర్భిణి భయపడి మాత్ర మానివేస్తుంది. ఖాళీ కడుపుతో ఇనుము బాగా పడుతుంది. అయితే వికారం కలిగేవారు భోజనమైన గంట తరువాత గాని, రాత్రి పడుకునే ముందు గాని వేసుకోవచ్చు. అసలే మానడం కంటే అది మేలు. నీరు, పీచు ఉన్న కూరలు ఎక్కువగా తీసుకుంటే మలబద్ధకం తగ్గుతుంది. మరచిపోయిన మాత్రలన్నిటినీ ఒకేసారి మింగరాదు. ఒక మోతాదు ఇనుము అందగానే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, ఆ తరువాత వచ్చే ఇనుమును పేగులు తక్కువగా గ్రహించేలా చేస్తుంది.

మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న అపోహను కూడా క్షేత్ర సిబ్బంది ఓపికగా తొలగించాలి. ఈ మాటలు గర్భిణికి మాత్రమే చెబితే చాలదు. ఇంట్లో నిర్ణయాలు తీసుకునే అత్తగారికి, భర్తకు కూడా చెప్పాలి.

పురుగులు, జ్వరాలు, వంశపారంపర్య దోషాలు

కొంకి పురుగులు పేగులను పట్టుకొని రక్తాన్ని పీలుస్తాయి. బహిరంగ మలవిసర్జన జరిగే చోట్ల చెప్పులు లేకుండా నడిచేవారికి, పొలం పనులు చేసేవారికి ఇవి పాదాల ద్వారా సోకుతాయి. అందుకే గర్భిణులకు నాలుగవ నెల వచ్చిన తరువాత ఒక 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను కార్యక్రమంలో భాగంగా ఇస్తారు. మొదటి మూడు నెలల్లో దానిని ఇవ్వరు.

మలేరియా ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తుంది. తరచూ వచ్చే ఇన్‌ఫెక్షన్ల వల్ల శరీరంలో హెప్సిడిన్ పెరిగి, ఇచ్చిన ఇనుము సైతం ఒంటికి పట్టదు. ఏజెన్సీ ప్రాంతాల్లో దోమతెరలు, జ్వర పరీక్షలు కూడా ఈ కారణంగా రక్తహీనత నివారణ చర్యలే అవుతాయి.

రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల వచ్చినవి కావు. బొంబాయిలోని జౌళి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతపై బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1920ల చివరి సంవత్సరాల్లో జరిపిన పరిశోధనలే ఫోలిక్ యాసిడ్‌ను కనుగొనడానికి దారితీశాయి. నేటి మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉండటానికి మూలం ఆ పరిశోధనలే. విటమిన్ బి12 లోపం, సికిల్ సెల్, తలసేమియా సైతం రక్తహీనతకు కారణాలు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ గుర్తింపు కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. మాత్రలు సక్రమంగా వాడినా నెల రోజుల్లో హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే, మాత్రలు మరింత పెంచుకుంటూ పోకుండా కారణాన్ని కనుగొనేందుకు పెద్ద ఆసుపత్రికి పంపడం తప్పనిసరి.

పరీక్ష, చికిత్స

కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన రక్తహీనత రహిత భారత్ కార్యక్రమం ప్రకారం ప్రతి గర్భ పరీక్షలోనూ హిమోగ్లోబిన్ చూడాలి. మొదటి మూడు నెలల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర, నాలుగవ నెల నుంచి రోజుకు ఒక ఎర్ర మాత్ర ఇవ్వాలి. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 గ్రాముల మధ్య ఉంటే రోజుకు రెండు మాత్రలు ఇచ్చి క్రమం తప్పకుండా పరీక్షించాలి. నెలలు నిండుతున్న దశలో లోపం బయటపడినప్పుడు, లేదా మాత్రలు సరిగా వాడని పరిస్థితిలో ఐరన్ సుక్రోజ్ లేక ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ను సెలైన్ ద్వారా వైద్యుల పర్యవేక్షణలో ఎక్కిస్తారు. 5 నుంచి 6.9 గ్రాముల మధ్య ఉన్నవారికి వైద్యాధికారి ఆధ్వర్యంలో ఈ చికిత్స జరగాలి. చివరి మూడు నెలల్లో ఉంటే నిపుణులు నిరంతరం అందుబాటులో ఉండే ఆసుపత్రిలో చేర్చాలి. 5 గ్రాముల లోపు ఉంటే ఎన్నవ నెల అయినా వెంటనే రక్తం ఎక్కించే సదుపాయమున్న ఆసుపత్రికి తరలించాలి.

తీవ్ర రక్తహీనత ఉన్న తల్లికి ప్రసవంలో కొద్దిపాటి అధిక రక్తస్రావం కూడా ప్రాణాంతకం కాగలదు. నెలలు నిండకుండా కాన్పు కావడం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం ఇతర ప్రమాదాలు. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు బిగిస్తే మాయలోని రక్తం కొంత బిడ్డకు చేరి, తొలి నెలలకు అవసరమైన ఇనుము నిల్వ పెరుగుతుంది. ప్రసవం తరువాత తల్లి మరో 180 రోజులు మాత్రలు కొనసాగించాలి. కాన్పుతో మాత్రల అవసరం తీరిందనుకోవడం వల్లనే తదుపరి గర్భం మళ్లీ లోటుతో మొదలవుతున్నది.

ప్రభుత్వ కార్యక్రమాలు

1970 నాటి కార్యక్రమాన్ని 2013లో జాతీయ ఐరన్ ప్లస్ పేరుతో విస్తరించి బాలలు, కిశోర బాలికలు సహా అన్ని వయసుల వారికి వర్తింపజేశారు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యుల పరీక్షలు ఏర్పాటయ్యాయి. అంగన్‌వాడీ కేంద్రంలోనే గర్భిణికి ఒక పూట సంపూర్ణ భోజనం, గుడ్డు, పాలు అందించే ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సంపూర్ణ పోషణ పథకాన్ని, 77 గిరిజన మండలాల్లో సంపూర్ణ పోషణ ప్లస్‌ను ప్రారంభించారు. భోజనాన్ని కేంద్రంలోనే వడ్డించడం వల్ల అది ఇంట్లో అందరికీ పంపకమై పోకుండా గర్భిణికే దక్కుతుంది. భోజనమైన తరువాత కార్యకర్త ఎదుటనే మాత్ర వేసుకునే అవకాశం కూడా కలుగుతుంది.

గణాంకాలను పరిశీలించేటప్పుడు

పాత్రికేయులు, అధికారులు కొన్ని అంశాలను గమనంలో ఉంచుకోవడం అవసరం. కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపేది రక్తహీనత శాతాన్ని. అది ఇనుము లోపం శాతం కాదు. ఆ సర్వేలో వేలికొన నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించారు. ఆసుపత్రుల్లో నరం నుంచి తీసిన రక్తంతో చేసే పరీక్షల ఫలితాలను దానితో నేరుగా పోల్చరాదు. పాతకాలపు సాహ్లి పద్ధతిలో రంగును కంటితో పోల్చి చూసేవారు గనుక చూసేవారిని బట్టి అంకె మారే అవకాశం ఉండేది. డిజిటల్ మీటర్లతో ఆ తేడా తగ్గింది. గర్భిణి ఎన్నవ నెలలో ఉన్నదో చెప్పకుండా ఇచ్చే సగటుకు అర్థం పరిమితం.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పంపిణీ చేసిన మాత్రల సంఖ్య వేరు, మింగిన మాత్రల సంఖ్య వేరు. సమీక్షా సమావేశాల్లో మొదటి అంకె సులభంగా లభిస్తుంది. రెండవది తెలియాలంటే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఖాళీ అయిన మాత్రల అట్టలు చూడాలి, ఇబ్బందులు అడగాలి, మాతా శిశు సంరక్షణ కార్డులో ఈ నెల హిమోగ్లోబిన్‌ను గత నెల అంకెతో పోల్చాలి. ఒక మండలంలో ఎంతమంది గర్భిణులకు మాత్రలు ఇచ్చారన్న ప్రశ్నతో పాటు, నెల తరువాత ఎంతమందికి హిమోగ్లోబిన్ పెరిగిందన్న ప్రశ్న కూడా ప్రతి సమీక్షలో అడిగిననాడు, ఈ కార్యక్రమ ఫలితం స్టాకు రిజిస్టరులో కాక తల్లుల ఆరోగ్యంలో కనిపిస్తుంది.